ముందు గోడ, తర్వాతే ప్రొజెక్టర్

పోయిన నెల ఈ పేజీలో కోటల మీద, పాత బిల్డింగుల మీద వెలుగుతో బొమ్మలు వేసే కళ గురించి నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఉత్తరాలు, వాట్సాప్‌లు వచ్చి పడ్డాయి. సగం మంది "మా బడి గోడ మీద వేస్తాం, ఎంతవుతుంది?" అని అడిగారు, ఇంకొందరు "మా గుడి జోలికి రాకండి" అని కోప్పడ్డారు. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి, పేర్లు తీసేసి, జవాబులు రాస్తున్నా.

ఖిల్లా వరంగల్‌లో సౌండ్ అండ్ లైట్ షో ఎప్పుడో చూశాం. ఇప్పుడు ప్రొజెక్షన్ మ్యాపింగ్ అంటున్నారు. పాత సరుకుకే కొత్త పేరు పెట్టి అమ్ముతున్నారా?
– డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

కొన్నిచోట్ల అచ్చంగా అదే జరుగుతోంది, కాదనను. కానీ అసలు రెండూ వేరు. సౌండ్ అండ్ లైట్ షో ఫ్రాన్స్‌లో, షాంబోర్ అనే రాచకోట దగ్గర 1952లో మొదలైంది. కోట బాగోగులు చూసే పాల్ రాబర్ట్ హూడిన్ అనే ఆయన ఆలోచన అది. ఢిల్లీ ఎర్రకోటకు 1965లో వచ్చింది, తర్వాత గోల్కొండకూ, మన ఓరుగల్లుకూ వచ్చింది. ఇందులో గోడ మీద బొమ్మ ఉండాల్సిన పని లేదు. మనం చీకట్లో కూర్చుంటాం, ఒక గొంతు కథ చెబుతుంది, యుద్ధం అనగానే బురుజు ఎర్రబడుతుంది, రాణి మాట రాగానే తోరణం మీద లైటు పడుతుంది. మిగతాదంతా మన బుర్రలోనే నడుస్తుంది. నన్నడిగితే ఇది తక్కువ కళేమీ కాదు, ఇప్పుడు వచ్చే రంగురంగుల గ్రాఫిక్స్ చాలావాటి కన్నా గొంతు, చీకటి, ఒక్క లైటు, ఇవే ఎక్కువ పని చేస్తాయి.

ప్రొజెక్షన్ మ్యాపింగ్‌లో బిల్డింగే తెర అవుతుంది, కాకపోతే సినిమా తెరలా చదునుగా ఉండదు. కిటికీ, కమాన్, స్తంభం, సజ్జ ఎక్కడున్నాయో కొలిచి, బొమ్మను సరిగ్గా ఆ ఆకారానికి కోసి వేస్తారు. స్తంభం మీద నీళ్లు కారుతున్నట్టు వేస్తే నీళ్లు స్తంభం అంచు దాటవు. ఈ కిటుకు కొత్తదేమీ కాదు, అమెరికాలో డిస్నీల్యాండ్ వాళ్ల భూతాల బంగ్లాలో 1969లోనే తెల్లటి తల విగ్రహాల మీద పాడే మనుషుల ముఖాలను సినిమా రీలుతో వేశారు, విగ్రహాలే పాడుతున్నాయని జనం నోళ్లు తెరిచారు. మన దేశంలో చూడాలంటే గుజరాత్ మొధేరా సూర్య దేవాలయంలో 2022 అక్టోబరు నుంచి ఇలాంటి షో నడుస్తోంది.

ఇంకో రకం ఉంది, నాకు దాని మీదే మనసు. అందులో బిల్డింగు ఉట్టి తెర కాదు, విషయమే అది. పోలండ్ కళాకారుడు క్షిష్టోఫ్ వొదిచ్కో 1985లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అనుమతి తీసుకుని నెల్సన్ స్తంభం మీద బొమ్మలు వేస్తూ, మధ్యలో ఒక ప్రొజెక్టర్‌ను పక్కనే ఉన్న దక్షిణాఫ్రికా ఎంబసీ వైపు తిప్పి, దాని నుదుటి మీద నాజీల స్వస్తిక గుర్తు వేశాడు. అప్పుడు దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లను వేరుగా ఉంచే ప్రభుత్వం నడుస్తోంది. పోలీసులు వచ్చి ఆపే దాకా అది అట్లాగే ఉంది. ఒక్క స్లయిడ్, సంగీతం లేదు, గ్రాఫిక్స్ లేవు. అదే బొమ్మను వేరే గోడ మీద వేస్తే దానికి అర్థమే లేదు. మీరు ఏ షో చూసినా ఇంటికొచ్చాక ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇదే బొమ్మ ఇంకో ఊళ్లో ఇంకో గోడ మీద వేసినా ఇట్లాగే ఉంటుందా? ఉంటుందంటే అది వెలుగుతో చేసిన ఫ్లెక్సీ.

మా ఊరి బడికి యాభై ఏళ్లు నిండుతున్నాయి. పూర్వ విద్యార్థులం కలిసి రెండంతస్తుల బిల్డింగు ముందు గోడంతా బొమ్మలు వేయాలనుకుంటున్నాం. బడిలో 3,000 లూమెన్‌ల ప్రొజెక్టర్ ఉంది. చాలుతుందా?
– పూర్వ విద్యార్థుల సంఘం, నర్సంపేట దగ్గర

గోడంతా అంటే చాలదు. ఎందుకు చాలదో లెక్క చూపిస్తా, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే రేపు ఎవడో వచ్చి లక్షల బిల్లు పెట్టినప్పుడు మీరే ప్రశ్నలు వేయగలుగుతారు.

లూమెన్ అంటే ప్రొజెక్టర్ నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుగు. అది ఎంత జాగాలో పరుచుకుంటే అంత పలచనవుతుంది. చదరపు మీటరుకు ఎంత పడుతుందో అది లక్స్. మీ గోడ 40 అడుగులు, అంటే 12 మీటర్లు అనుకుందాం. మామూలు ప్రొజెక్టర్ బొమ్మ 16కు 9 కొలతలో ఉంటుంది కాబట్టి 12 మీటర్ల వెడల్పుకు ఎత్తు 6.75 మీటర్లు, మొత్తం 81 చదరపు మీటర్లు. 3,000ను 81తో భాగిస్తే 37 లక్స్. పెద్ద రోడ్ల మీద వీధి లైట్లే 15 నుంచి 30 లక్స్ దాకా ఇస్తాయి. అంటే బడి ముందు ఒక్క హైమాస్ట్ లైటు వెలుగుతున్నా మీ బొమ్మ కొట్టుకుపోయినట్టే.

ఇప్పుడు వెడల్పు సగం చేయండి, 6 మీటర్లు. జాగా నాలుగో వంతుకు, అంటే 20 చదరపు మీటర్లకు తగ్గుతుంది, వెలుగు నాలుగింతలై దాదాపు 150 లక్స్‌కు చేరుతుంది. సినిమా హాల్లో తెర మీద నిండు తెలుపు కూడా ఇంచుమించు అంతే. అదే ప్రొజెక్టర్, అదే కరెంటు బిల్లు.

అందుకే నా సలహా, గోడంతా ఆశపడకండి. పాత బడులకు మధ్యలో వరండా, దాని పైన బడి పేరు, అటూ ఇటూ రెండు కిటికీలు ఉంటాయి కదా, ఆ భాగం చాలు. మిగతా గోడ చీకట్లో ఉంటేనే అది ఇంకా వెలుగుతుంది. ఊళ్లో అందరికీ గుర్తున్న గంట, హెడ్మాస్టర్ గది కిటికీ, అటెండెన్స్ రిజిస్టర్‌లో పేర్లు, ఇట్లాంటివి ఆ కిటికీల కొలతకు సరిగ్గా కూర్చోబెట్టండి. తెలంగాణ పటం, జాతీయ జెండా, పావురాలు ఎగరడం, ఇవన్నీ ప్రతి షోలోనూ ఉన్నవే, మీ బడికి మాత్రమే ఉన్నది ఏమిటో అది వేయండి.

గోడ రంగు కూడా చూసుకోండి. సున్నం కొట్టిన తెల్ల గోడ అన్నిటికన్నా మంచిది. పసుపు గోడ నీలాన్ని మింగేస్తుంది, ముదురు గులాబీ గోడ మీద ఆకుపచ్చ వేస్తే బురద రంగు వస్తుంది. నున్నగా మెరిసే ఎనామిల్ పెయింట్ అయితే మధ్యలో ఒక తెల్లటి మచ్చ కళ్లలో కొడుతుంది. ఉత్సవాల కోసం ఎట్లాగూ రంగులు వేయిస్తారు కదా, ముందు భాగానికి మెరుపు లేని తెలుపు వేయించండి, పెద్ద ప్రొజెక్టర్ అద్దె మిగిలిపోతుంది.

దూరం సంగతి. మామూలు ప్రొజెక్టర్లు బొమ్మ వెడల్పుకు ఒకటిన్నర రెట్లు వెనక్కి ఉండాలి, అంటే 6 మీటర్ల బొమ్మకు సుమారు 9 మీటర్లు. అక్కడ జెండా గద్దె ఉందా, వేప చెట్టు ఉందా, జనం కూర్చునేది అక్కడేనా అన్నది ఇప్పుడే వెళ్లి చూడండి. ఆన్‌లైన్‌లో ఆరేడు వేలకే దొరికే డబ్బాల మీద పది వేల లూమెన్‌లు అని రాసి ఉంటే నమ్మకండి, ఏఎన్‌ఎస్‌ఐ లూమెన్‌లు, అంటే ఒక ప్రామాణిక పద్ధతిలో కొలిచిన లూమెన్‌లు ఎన్నో రాశారా లేదా చూసుకోండి, చాలావాటికి ఆ మాటే ఉండదు. ఇక లైన్‌మన్‌తో ముందే మాట్లాడి ఆ గంట సేపు బడి ముందున్న వీధి లైట్లు ఆపించగలిగితే అది రెండో ప్రొజెక్టర్ కొన్నంత లాభం.

నా దగ్గర ఉన్నది మామూలు లాప్‌టాప్. డబ్బులు పెట్టకుండా నేర్చుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్? బొమ్మ సరిగ్గా కిటికీ మీదే పడేట్టు ఎట్లా చేస్తారు?
– ఇంజినీరింగ్ విద్యార్థి, జనగామ

తమ్ముడూ, పైసా లేకుండా మొదలుపెట్టొచ్చు. మ్యాప్‌మ్యాప్ అనేది ఓపెన్ సోర్స్. వీపీటీ అనే పాత సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. టచ్‌డిజైనర్‌ను వ్యాపారం కాని పనికి ఊరికే ఇస్తారు, కాకపోతే 1280 పిక్సెళ్లు దాటనివ్వదు, నేర్చుకునే వాళ్లకు అది అడ్డం కాదు. పెద్ద షోలు చేసేవాళ్లలో చాలామంది వాడే రెజల్యూమ్ ఎరీనాను డెమోలో నేర్చుకోవచ్చు, మధ్యమధ్యలో దాని లోగో వచ్చిపోతుంటుంది. బొమ్మలు, యానిమేషన్ బ్లెండర్‌లో చేసుకో, అదీ ఉచితమే.

కిటికీ మీద పడేట్టు చేయడం జనం అనుకున్నంత బ్రహ్మవిద్య కాదు. చాలామంది గోడను ఫోటో తీసి, ఆ ఫోటో మీద గీసి, తీరా ప్రొజెక్టర్ ఆన్ చేస్తే ఎక్కడిదక్కడ కలవక తల పట్టుకుంటారు. ఫోన్ కెమెరా చూసే కోణం వేరు, ప్రొజెక్టర్ లెన్స్ చూసే కోణం వేరు, అదీ సంగతి. దానికి బదులు ఇట్లా చెయ్. ప్రొజెక్టర్‌ను దాని చోట పెట్టి, కదలకుండా బిగించి, కింద కాళ్ల చుట్టూ టేపు అంటించి గుర్తు పెట్టు. నల్లటి ఖాళీ బొమ్మ పంపించు, అందులో మౌస్ బాణం ఒక్కటే గోడ మీద తెల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు లాప్‌టాప్ వైపు చూడకు, గోడ వైపు చూడు. ఆ బాణాన్ని కిటికీ ఒక మూలకు తీసుకెళ్లి క్లిక్ చెయ్, తర్వాతి మూల, తర్వాతి మూల. గోడ మీదే గీస్తున్నావన్నమాట. సజ్జ కింద నీడ పడే చోట గీత కొంచెం విరిగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే సజ్జ అరడుగు ముందుకు ఉంటుంది, అక్కడ దానికి వేరే ముక్క గీయాలి. అట్లా ఒక్కో కిటికీ, ఒక్కో స్తంభం ఒక్కో ముక్క అవుతుంది, ఏ ముక్కలో ఏ వీడియో ఆడాలో తర్వాత నింపుకుంటావు. మిగతాదంతా నలుపు.

ఒక మాట గుర్తుంచుకో, నలుపు వేయడం ప్రొజెక్టర్ వల్ల కాదు. నలుపు అంటే అక్కడ వెలుగు పడకపోవడం, అంతే. గోడ అప్పటికే ఎంత చీకటిగా ఉందో నీ నలుపు అంతే నలుపు. స్క్రీన్ మీద అద్భుతంగా ఉన్న చీకటి సీన్లు గోడ మీద తేలిపోయేది ఇందుకే.

మొదట మీ ఇంట్లో అట్టపెట్టెలు నాలుగు పేర్చి, తెల్ల కాగితం అంటించి, వాటి మీద చేసి చూడు. పెట్టెల మీద పట్టు దొరికితే బిల్డింగు కష్టమనిపించదు.

ఎల్‌ఈడీ వాల్ పెడితే పగలు కూడా కనిపిస్తుంది కదా, ఈ తంటా అంతా ఎందుకు?
– టెంట్ హౌస్ యజమాని, మంచిర్యాల

మీటింగుకో, పెళ్లికో అయితే ఎల్‌ఈడీ వాలే పెట్టండి అన్నా. కానీ అది పెద్ద టీవీ, వెనకున్న గోడను కప్పేస్తుంది. ఇక్కడ మేం చూపించాలనుకునేదే ఆ గోడ.

రామప్ప మీద లేజర్లు, ప్రొజెక్షన్లు వేయాలని కొందరు అంటున్నారు. ఎనిమిది వందల ఏళ్ల గుడి. రాయి పాడవదా? మీలాంటి వాళ్లే ఎగదోస్తున్నారు.
– రిటైర్డ్ టీచర్, ములుగు

సార్, మీ కోపంలో న్యాయం ఉంది, కానీ భయం ఒకచోట ఉంటే ప్రమాదం ఇంకోచోట ఉంది. ఉట్టి వెలుగు వల్ల రాయికి పెద్దగా ఏమీ కాదు. వెలుగుకు పాడయ్యేవి రంగులు, బట్ట, కాగితం. మ్యూజియంలలో అట్లాంటి వాటి మీద 50 లక్స్ దాటనివ్వరు, బట్ట మీద రంగులతో కథలు గీసే మన చేర్యాల నకాశీ పటం పాతది ఒకటి ఉందనుకోండి, దాని మీద ప్రొజెక్టర్ కొట్టడం తప్పు. రాతికి ఆ బాధ లేదు. రాతికి బాధ ఎక్కడంటే ఇనప స్టాండ్లు మోసుకొచ్చి గట్టు మీద దింపేటప్పుడు, కేబుల్ కోసం సందులో మేకు కొట్టేటప్పుడు, సౌండ్ బాక్సులు గోడకు ఆనించి పెట్టేటప్పుడు, షో బాగా కనిపించాలని పదిమంది శిల్పం మీద కాలు పెట్టి ఎక్కేటప్పుడు. పైగా గుళ్లలో గబ్బిలాలు ఉంటాయి, అవి బయటికి వెళ్లే వేళకు ద్వారం మీద లైటు కొడితే వెళ్లలేక లోపలే తిరుగుతాయి. రామప్ప కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది, 2021లో యునెస్కో జాబితాలో కూడా చేరింది, అక్కడ అనుమతి లేకుండా కెమెరా స్టాండ్ కూడా పెట్టనివ్వరు. అది మంచిదే.

ఇక నా అభిప్రాయం అడిగితే, అనుమతి వచ్చినా నేను రామప్ప మీద బొమ్మలు వేయమనను. కారణం భక్తి కాదు, పని. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిలో గోడలు ఎర్రటి ఇసుకరాయి, మదనికలు అనే ఆడవాళ్ల శిల్పాలు, లోపలి స్తంభాలు నల్లరాయి. నల్లరాయి వెలుగును తాగేస్తుంది, మీరు ఎంత పెద్ద ప్రొజెక్టర్ తెచ్చినా దాని మీద మసక తప్ప రాదు. ఇంకా పెద్ద సంగతి, ఆ గోడ మీద ఖాళీ ఎక్కడుంది? అంగుళం అంగుళం చెక్కారు. చెక్కిన దాని మీద మళ్లీ బొమ్మ వేస్తే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.

అక్కడ కావాల్సింది ప్రొజెక్టర్ కాదు, ఒక చిన్న లైటు, అదీ పక్క నుంచి. ఎదురుగా లైటు కొడితే శిల్పం చదునైపోతుంది, ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫోటోలు చూడండి తెలుస్తుంది. అదే లైటును గోడకు దగ్గరగా, ఓ పక్కకు ఒరిగించి పెడితే మదనిక మెడలో హారంలోని ఒక్కో పూస వెనక ఒక్కో నీడ పడుతుంది, వేళ్ల మధ్య సందులు కూడా కనిపిస్తాయి. పగటి ఎండలో ఎన్నిసార్లు చూసినా కంటికి ఆననివి అప్పుడు బయటపడతాయి. ఇది కూడా వెలుగుతో చేసే కళే, టికెట్టు షోలంత హడావుడి లేనిది.

ప్రొజెక్షన్ వేయాలని అంత మోజుంటే ఊళ్లలో ఖాళీ గోడలు ఏమైనా తక్కువా? వాడకంలో లేని గోదాములున్నాయి, వాటర్ ట్యాంకులున్నాయి, మూతపడ్డ రైస్ మిల్లులున్నాయి. పారిస్‌లో 2018లో ఒక పాత ఇనప కార్ఖానాను, ఫ్రాన్స్‌లోనే లె బో అనే ఊళ్లో పాత రాతి క్వారీని లోపలంతా బొమ్మలు ఆడే హాళ్లుగా మార్చారు. నేల మీద, గోడల మీద, కప్పు మీద అంతా వెలుగే. అక్కడ చెడగొట్టడానికి శిల్పం లేదు, ఖాళీ గోడ, ఎత్తు, చీకటి ఉన్నాయి, అంతకన్నా ఏం కావాలి.

మాది మరమగ్గాల ఇల్లు. బట్ట మీద ప్రొజెక్షన్ వేస్తారంట కదా, ఎలాంటి బట్ట కావాలి? మేం నేసి ఇవ్వగలమా?
– సిరిసిల్ల నుంచి ఒక అన్న

ఇన్ని ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. గోడ లేనిచోట బట్టే గోడ. రెండు రకాలు కావాలి. ఒకటి మందమైన తెల్లటి బట్ట, మెరుపు ఉండకూడదు, నున్నటి పాలిస్టర్ అయితే లెన్స్ మచ్చ మధ్యలో మెరుస్తుంది, కాబట్టి కాటన్ గానీ కాటన్ కలిసింది గానీ మేలు. జోడింపు కుట్లు లేకుండా ఎంత పన్నా వస్తే అంత మంచిది, కుట్టు ఉన్నచోట ముఖం పడిందంటే ముక్కు రెండుగా చీలినట్టుంటుంది. రెండోది పలచటి జాలీ బట్ట. దాని మీద కొంత వెలుగు ఆగుతుంది, కొంత దాటి వెనక్కి పోతుంది. మూడు నాలుగు జాలీ బట్టలను కొన్ని అడుగుల ఎడంతో ఒకదాని వెనక ఒకటి వేలాడదీసి ముందు నుంచి బొమ్మ వేస్తే, ఆ బొమ్మ అన్నిటి మీదా పడి గాలిలో లోతుగా నిలబడ్డట్టు ఉంటుంది. జనాన్ని వాటి మధ్యలో నడవనివ్వాలి, అప్పుడే మజా.

బట్ట వెనక దీపం పెట్టి కథ ఆడించడం మన తోలుబొమ్మలాట వాళ్లకు తరతరాలుగా తెలిసిన విద్యే. ఈ రోజు వెనక నుంచి వేసే ప్రొజెక్షన్ అని మేం డబ్బులు తీసుకునేదీ అదే. మనుషుల నీడ తెర మీద పడకూడదంటే వెనక నుంచే వేయాలి, కాకపోతే వెనక అంత ఖాళీ జాగా ఉండాలి.

ఆరుబయట కడితే గాలి పట్టకుండా కింద కడ్డీ కుట్టించండి, అంచులకు దగ్గర దగ్గరగా ఐలెట్లు వేయించండి. వేడెక్కే హాలోజెన్ లైట్లకు బట్టను దూరంగా ఉంచండి, ఇది మాత్రం ఏ షో అయినా ఎవరు చెప్పినా వదలొద్దు.

బట్ట కూడా అక్కర్లేని పని ఒకటుంది. ఆంథొనీ మెకాల్ అనే కళాకారుడు 1973లో చీకటి గదిలో ప్రొజెక్టర్‌తో ఒక చుక్కను మెల్లమెల్లగా గుండ్రటి గీతగా గీయించాడు. గోడ మీద చూస్తే ఉట్టి వలయం. కానీ ఆ గదిలో దుమ్ము, సిగరెట్ పొగ ఉండటంతో లెన్స్ నుంచి గోడ దాకా వెలుగు ఒక పెద్ద కోన్‌లాగా గాలిలో నిలబడింది, జనం దాని లోపలికి వెళ్లి నిలబడ్డారు. ఇప్పుడు పొగ మిషన్లు వాడుతున్నారు. ఇంట్లో చూడాలంటే తలుపులు మూసి కాస్త సాంబ్రాణి వేయండి, ఫోన్ టార్చ్‌కు ఒక సన్నటి చీలిక చేసిన అట్ట అడ్డం పెట్టండి. ఇంట్లో ఆస్తమా వాళ్లుంటే వద్దు.

పాత రాతి హాల్లో మా షో పెట్టాం. బొమ్మ బాగుంది, మాట ఒక్కటీ అర్థం కాలేదు. డీజే వాళ్ల పెద్ద బాక్సులు కూడా తెచ్చాం.
– నాటక సమాజం, కాజీపేట

పెద్ద బాక్సులు తెచ్చారు కాబట్టే అర్థం కాలేదు. రాతి గోడలు, రాతి నేల, ఎత్తయిన కప్పు ఉన్నచోట శబ్దం ఆగదు, తిరుగుతూనే ఉంటుంది, మొదటి మాట చావకముందే రెండో మాట దాని మీద పడుతుంది. వాల్యూమ్ పెంచితే ఆ తిరుగుడూ పెరుగుతుంది. చిన్న స్పీకర్లు ఎక్కువ తీసుకుని, జనానికి దగ్గరగా, జనం వైపే తిప్పి, తక్కువ సౌండ్‌లో పెట్టండి. హాలు పొడవైతే ఇంకోటి చూసుకోవాలి, శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లే వెళ్తుంది, కరెంటు మాత్రం అప్పటికప్పుడే చేరుతుంది. 35 మీటర్ల దూరంలో ఉన్న వెనక స్పీకర్ ముందు దానికన్నా సెకనులో పదో వంతు తొందరపడి పలుకుతుంది, అక్కడ కూర్చున్నవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. మిక్సర్‌లో డిలే అని ఉంటుంది, వెనక స్పీకర్లను అంత ఆలస్యం చేయమని మీ సౌండ్ అబ్బాయికి చెప్పండి. డోలు, డప్పు బాస్ తగ్గించండి, మాటలకు దాంతో పని లేదు. ఇంకా కుదరకపోతే మాటలే తీసేయండి! బ్రసెల్స్‌లో 1958 ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శనకు ఆర్కిటెక్ట్ లె కార్బూజియే ఆఫీసు, ముఖ్యంగా అక్కడ పనిచేసే క్సెనాకిస్, ఫిలిప్స్ కంపెనీ కోసం ఒక వంకర టింకర గోడల భవనం కట్టారు. ఆ గోడల నిండా వందల స్పీకర్లు, వాటి గుండా వరేజ్ అనే సంగీతకారుడి సంగీతం ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తేది, గోడల మీద బొమ్మలు ఆడేవి. ఎనిమిది నిమిషాల షో, కథ చెప్పే గొంతు లేదు.

ఆరుబయట అయితే రాత్రి పది తర్వాత మైకులు ఆపాలన్న రూలు ఉంది, ఎండాకాలం చీకటి పడేదే ఏడు దాటాక, టైమ్ చూసి పెట్టుకోండి.

మా బాబుకు ఫిట్స్ ఉన్నాయి. ఇలాంటి షోలకు తీసుకెళ్లొచ్చా?
– ఒక తల్లి, కరీంనగర్

ముందు వాడిని చూసే డాక్టర్‌ను అడగండి అమ్మా, ఫిట్స్ ఉన్న అందరికీ వెలుగు వల్ల రావు, కొందరికే వస్తాయి, మీ బాబుది ఏ రకమో వాళ్లకే తెలుస్తుంది. షో చేసేవాళ్లను కూడా అడగండి, సెకనుకు మూడుసార్లకు మించి మిణుకుమిణుకుమనే సీన్లు ఉన్నాయా అని. ఉంటే వెళ్లకండి. అనుకోకుండా అలాంటిది మొదలైతే వెంటనే ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసి తల పక్కకు తిప్పించండి, రెండు కళ్లూ రెప్పలు మూసుకుంటే చాలదు, రెప్పల్లోంచి కూడా మిణుకు తెలుస్తుంది. షోలు పెట్టేవాళ్లకూ ఒక మాట, గేటు దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో ఈ హెచ్చరిక రాసి పెట్టండి, దానికి ఖర్చు ఒక చార్టు ముక్క.

ఫోన్‌తో వీడియో తీస్తే గీతలు గీతలుగా వస్తోంది.
– వరంగల్

కెమెరాలో ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ స్పీడ్‌ను 1/60 సెకను చేయండి, తగ్గకపోతే 1/50. ఫ్లాష్ తీసేయండి, ముందు వరుసల వాళ్ల తలలు తప్ప అది దేన్నీ వెలిగించదు. లేజర్ ఉన్న షోలో కెమెరాను లేజర్‌కు ఎదురుగా పట్టుకోకండి, సెన్సర్ మీద శాశ్వతంగా మచ్చ పడుతుంది.

సద్దుల బతుకమ్మ నాడు మా కాలనీ గ్రౌండ్‌లో పైనుంచి నేల మీదికి ప్రొజెక్షన్ వేయాలనుకుంటున్నాం, ఆడేవాళ్ల అడుగులకు తగ్గట్టు పూలు విచ్చుకునేట్టు. ఎట్లా ఉంటుంది?
– మహిళా సంఘం, హన్మకొండ

ఆలోచన ముచ్చటగా ఉంది అక్కా. మనుషుల కదలికకు బొమ్మ బదులివ్వడం కష్టం కూడా కాదు, పైన ఒక కెమెరా, టచ్‌డిజైనర్ లాంటిదొకటి ఉంటే అవుతుంది. రఫయెల్ లొజానో హెమ్మర్ అనే మెక్సికో కళాకారుడు 2001లో రాటర్‌డ్యామ్‌లో ఇంకా సులువుగా చేశాడు. చౌకులో పెద్ద గోడ మీద మనుషుల ఫోటోలు వేసి, వాటిని నేల నుంచి వచ్చే గట్టి లైట్లతో కనిపించకుండా చేశాడు, దారిన పోయేవాళ్లు లైటుకు అడ్డం వస్తే వాళ్ల నీడలోనే ఆ ఫోటోలు కనిపించేవి. ఎవరికీ ఏమీ నేర్పాల్సిన పని లేకుండా జనమంతా నీడలు చిన్నవి, పెద్దవి చేస్తూ ఆడుకున్నారు.

కానీ మీ గ్రౌండ్‌కు వస్తే మూడు చిక్కులు. నేల మట్టి అయితే ముదురు రంగు, అక్కడక్కడా గడ్డి, బొమ్మ అతకదు, సిమెంటు నేల అయితే పర్వాలేదు. రెండోది, పైనుంచి వేసింది నేల మీద పడేలోపు ఆడవాళ్ల తలల మీద, చీరల మీద పడుతుంది, వందల మంది గుండ్రంగా తిరుగుతుంటే నేల ఎక్కడ కనిపిస్తుంది? మూడోది అన్నిటికన్నా ముఖ్యం, పూల రంగులు. తంగేడు పసుపు మీద నీలం లైటు పడితే పువ్వు నల్లగా, వాడిపోయినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే పసుపు పువ్వు నీలాన్ని వెనక్కి పంపదు. ఎర్ర లైటు కింద గుమ్మడి ఆకు బొగ్గులా ఉంటుంది. పొద్దంతా గుట్టలు తిరిగి తెచ్చి, గునుగుకు రంగులద్ది, ఒద్దికగా పేర్చిన బతుకమ్మను అట్లా చూపిస్తే అత్తమ్మలు ఊరుకుంటారా?

కాబట్టి బతుకమ్మల మీద, ఆడేవాళ్ల మీద కాస్త పసుపు ఛాయ ఉన్న మామూలు తెల్ల లైటే ఉంచండి, రంగు మార్చేది వద్దు. ప్రొజెక్షన్‌ను గ్రౌండ్ చుట్టూ ఉన్న కాంపౌండ్ వాల్ మీదికి తీసుకెళ్లండి, నడుం ఎత్తుకు పైన మాత్రమే. ఆడేవాళ్ల అడుగులను పైన కెమెరా పట్టుకుని, అడుగుకో పువ్వు ఆ గోడ మీద విచ్చుకునేట్టు చేయొచ్చు. చప్పట్లకు పూచేట్టు చేస్తే ఇంకా సులువు, కెమెరా కూడా అక్కర్లేదు, ఒక మైకు చాలు, పాట వేగం పెరిగేకొద్దీ గోడ నిండుతుంది. గట్టి డీజే పాటలు పెడితే మాత్రం మైకుకు చప్పట్లు వినపడవు, అది మీలో మీరు ముందే తేల్చుకోండి. వైర్లు జనం తిరిగే దారికి అడ్డంగా వేయొద్దు, చీర కుచ్చిళ్లు తట్టుకుంటాయి, గోడ వెంబడే తీసుకెళ్లండి. ప్రొజెక్టర్‌కు స్టెబిలైజర్ గానీ యూపీఎస్ గానీ తప్పనిసరి, ఆ సాయంత్రం కాలనీ అంతా సీరియల్ బల్బులే కాబట్టి వోల్టేజీ పడిపోతూ లేస్తూ ఉంటుంది. వర్షం సంగతి కూడా చూసుకోండి, ఆ రోజుల్లో ఓ జల్లు పడటం మామూలే, ప్రొజెక్టర్ పైన రేకు వేయండి, ప్లాస్టిక్ కవర్ చుట్టేస్తే గాలి ఆడక వేడెక్కి ఆగిపోతుంది.